మినికామ్: ఫోన్ కలిపే ప్రోగ్రాం యంత్రాల మాట వినే ప్రోగ్రాంగా మారిన తీరు

విశాఖలో ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఒక ప్రశ్న నా దగ్గరికి ఏటా వస్తుంది. పిల్లలు డాబాగార్డెన్స్ వెళ్లి ఒక చిన్న లినక్స్ బోర్డు, ఒక యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ కొనుక్కొస్తారు. బోర్డుకు కరెంటు ఇచ్చి, వెంటనే ల్యాప్‌టాప్‌లో మినికామ్ తెరుస్తారు. బోర్డు తెర మీద మాట్లాడటం మొదలుపెడుతుంది. బూట్ కావడం ఆపాలంటే ఏదైనా మీట నొక్కమని చెప్పి మూడు, రెండు అని లెక్కపెడుతుంది. ఎవరూ ఏ మీటా నొక్కరు. అయినా లెక్క ఆగిపోతుంది. కింద ఇలా ఒక వరస కనబడుతుంది:

ఏటీ ఎస్7=45 ఎస్0=0 ఎల్1 వీ1 ఎక్స్4 &సీ1 ఈ1 క్యూ0

దాని కిందే "ఏటీ అనే ఆజ్ఞ నాకు తెలియదు" అన్న అర్థంలో బోర్డు జవాబు. "సార్, ఇది నేను కొట్టలేదు" అంటాడు కుర్రాడు. నిజమే, అతను కొట్టలేదు. కొట్టింది మినికామ్. అవతల టెలిఫోన్ మోడెం ఉందనుకుని దానికి చెప్పిన మాటలు అవి.

ఇంటి ఫోను తీగ మీద ఇంటర్నెట్ నడిచిన కాలం ఎప్పుడో పోయింది. అయినా మోడెం కోసం పుట్టిన ఈ ప్రోగ్రాం పోలేదు సరికదా, దానికి కొత్త సదుపాయాలు చేరుతూనే ఉన్నాయి. ప్రతి వరస ముందూ సమయం ముద్రించడం, కేబుల్ ఊడితే మళ్లీ పట్టుకోవడం, అక్షరాల బదులు అంకెల్లో చూపడం, ఆర్‌ఎస్-485 అమరికలు. వీటి జాబితా విడిగా చదివితే ఒకదానికొకటి పొంతన లేనట్టే ఉంటుంది. అసలు మారింది ఏమిటో తెలిస్తే ప్రతిదానికీ కారణం కనబడుతుంది.

మోడెం, సీరియల్ పోర్టు, టెర్మినల్: కలిసిపోయిన మూడు మాటలు

గందరగోళం సగం ఈ మూడు మాటల దగ్గరే ఉంది. సీరియల్ పోర్టు అంటే బిట్లు ఒకదాని వెనక ఒకటిగా వరసలో వెళ్లే దారి. ఒక తీగ మీద పంపడం, ఇంకో తీగ మీద అందుకోవడం, రెండు వైపులకూ ఉమ్మడిగా ఒక గ్రౌండ్ తీగ. అంతకంటే అది ఏమీ కాదు. ఈ దారికి ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం 1960లో వచ్చింది.

మోడెం ఆ దారి చివర కూర్చునే పరికరాల్లో ఒకటి మాత్రమే. బిట్లను టెలిఫోన్ తీగ మోయగలిగే ధ్వనులుగా మారుస్తుంది, అవతలి నుంచి వచ్చిన ధ్వనులను తిరిగి బిట్లుగా మారుస్తుంది. ఇక టెర్మినల్ అంటే మొదట్లో కీబోర్డూ తెరా ఉన్న ఒక యంత్రం. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 వాటిలో పేరుమోసింది. ఆ యంత్రం చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేసే ప్రోగ్రాంనే టెర్మినల్ ప్రోగ్రాం అంటున్నాం.

మినికామ్ ఈ మూడో రకం. వచ్చిన అక్షరాన్ని తెర మీద చూపుతుంది, నొక్కిన మీటను పోర్టులోకి పంపుతుంది. పోర్టు అవతల మోడెం ఉన్నా, బోర్డు ఉన్నా, లారీ కాటా ఉన్నా దానికి తేడా లేదు. లేదు అనే అనుకోవాలి గానీ, పుట్టిన కాలం వల్ల మోడెమే ఉంటుందన్న నమ్మకం దాని లోపల చాలా చోట్ల మిగిలిపోయింది. పైన చూసిన వరస అలాంటి నమ్మకమే.

ఆ వింత వరసలో ఏముంది?

1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెం తెచ్చింది. అంతకు ముందు చాలామటుకు ఫోను చేత్తో డయల్ చేసి మోడెంకు అప్పగించేవారు. డేటా వెళ్లే దారిలోనే మోడెంకు ఆజ్ఞలు కూడా ఇవ్వవచ్చునని హేస్ చూపింది. "ఇది డేటా కాదు, నీకే చెబుతున్నా, విను" అనడానికి ప్రతి ఆజ్ఞ ముందూ ఏటీ అనే రెండు అక్షరాలు ఉంటాయి. తర్వాత అందరూ ఆ పద్ధతినే పట్టుకున్నారు.

ఇప్పుడు వరస చదివితే అర్థం ఇలా వస్తుంది. ఎస్7=45: అవతలి మోడెం సంకేతం కోసం 45 సెకన్లు ఆగు. ఎస్0=0: రింగ్ వచ్చినా నీ అంతట నువ్వు ఎత్తకు. ఎల్1: స్పీకర్ మెల్లగా మోగించు. వీ1: జవాబు అంకెలో కాదు, మాటలో చెప్పు. ఎక్స్4: లైను బిజీగా ఉన్నా, డయల్‌టోన్ లేకపోయినా ఆ సంగతి కూడా చెప్పు. &సీ1: అవతలి సంకేతం అందుతున్నంతసేపే దాన్ని తెలిపే తీగను లేపి ఉంచు. ఈ1: నేను పంపిన అక్షరాలు తిరిగి చూపు. క్యూ0: జవాబులు మింగకు.

0891 కోడ్ ఉన్న మన విశాఖలో డయల్-అప్ వాడినవారికి ఈ ఆజ్ఞల శబ్దం గుర్తుండే ఉంటుంది: టోను, అంకెల మోత, తర్వాత రెండు మోడెంలు ఒకదాన్నొకటి పలకరించుకునే ఆ కీచురొద. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచినప్పుడు విద్యార్థులకు ఇచ్చిన షెల్ ఖాతాల్లో బొమ్మలుండేవి కావు, అక్షరాలే. అవతల ఒక యూనిక్స్ యంత్రం, ఇవతల ఒక టెర్మినల్ ప్రోగ్రాం, మధ్యలో ఫోను. మినికామ్ సరిగ్గా ఆ పని కోసం కట్టినదే. మికెల్ వాన్ స్మోరెన్‌బుర్గ్ 1991 నుంచి దాన్ని రాశారు. డాస్‌లో అప్పట్లో అందరూ వాడే టెలిక్స్ ప్రోగ్రాం దానికి నమూనా. అందుకే అందులో డయలింగ్ డైరెక్టరీ ఉంది, బిజీ వస్తే మళ్లీ కలపడం ఉంది, లాగిన్ పేరు అడిగినప్పుడు పేరు పంపే స్క్రిప్టు భాష ఉంది.

కాబట్టి బోర్డు బూట్ ఆగిపోవడం బోర్డు లోపం కాదు, మినికామ్‌లో తప్పూ కాదు. మోడెంను నిద్రలేపడానికి ముందుగా పంపే ఎంటర్ మీటే లెక్కను ఆపేసింది. హైఫన్ ఓ అనే ఎంపికతో తెరిస్తే మినికామ్ ఈ పలకరింపు మానేస్తుంది. బయటికి వచ్చేటప్పుడూ ఇలాంటి తేడాయే ఉంది. కంట్రోల్-ఏ తర్వాత ఎక్స్ నొక్కితే "మోడెం, మొదటి స్థితికి వెళ్లు" అన్న ఆజ్ఞ పంపి బయటికి వస్తుంది. క్యూ నొక్కితే ఏమీ పంపకుండా వస్తుంది. నడుస్తున్న యంత్రానికి తగిలించినప్పుడు ఈ రెండు మీటల తేడా చిన్నది కాదు.

వేగం లెక్క: బాడ్ అంటే ఏమిటి, ఎంత పడుతుంది

బాడ్ అంటే సెకనుకు తీగ మీద సంకేతం ఎన్నిసార్లు మారగలదన్న కొలత. బిట్ల వేగం వేరు. 2400 బిట్ల మోడెం ఫోను తీగ మీద సెకనుకు 600 సార్లే మారేది, ఒక్కో మార్పులో నాలుగు బిట్లు మోసేది. కానీ మామూలు సీరియల్ తీగ మీద ఒక మార్పుకు ఒకే బిట్. అందుకే మన పనిలో రెండూ ఒకటే అంకె, ఆ మాటలను కలిపేసి వాడినా లెక్క తప్పదు.

ఇంకో సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. 8ఎన్1 అని రాసే అమరికలో ఒక అక్షరానికి ఎనిమిది డేటా బిట్లు, వాటికి ముందు ఒక ప్రారంభ బిట్, వెనక ఒక ముగింపు బిట్ ఉంటాయి. మొత్తం పది. కాబట్టి 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు, 115200 వేగంలో 11520 అక్షరాలు.

ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల మీద ఉండే జీపీఎస్‌ను తీసుకుందాం. సముద్ర పరికరాలు మాట్లాడుకునే ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతిలో వేగం 4800, అంటే సెకనుకు 480 అక్షరాలు. అందులో ఒక వాక్యం 82 అక్షరాలకు మించకూడదు. 480ని 82తో భాగిస్తే ఐదున్నర దాటుతుంది. అంటే నిండు పొడవు వాక్యాలు సెకనుకు ఐదు పడతాయి. ఎనిమిది పంపమని పరికరాన్ని అమరిస్తే 656 అక్షరాలు పంపాలి, దారి 480కే ఉంది. మిగిలినవి వెనకబడతాయి, లేదా పోతాయి. తెర మీద వాక్యాలు తెగిపోతుంటే కేబుల్‌నో ఉప్పుగాలినో అనుమానించే ముందు వేయాల్సిన లెక్క ఇది. ఉప్పుగాలి వల్ల కనెక్టర్లు పచ్చబడటం మన తీరంలో రోజూ చూసేదే, కాదనను. కానీ అన్నిటికీ అదే కారణం కాదు.

అదే హార్బర్ దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటి. ఆ వాక్యంలో అక్షాంశం 1741.80 అని వస్తే అది 17.4180 డిగ్రీలు కాదు. 17 డిగ్రీల 41.80 నిమిషాలు. 41.80ని 60తో భాగించి కలిపితే 17.6967 డిగ్రీలు. మొదటి రకంగా చదివితే పడవ దాదాపు 31 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయినట్టు కనబడుతుంది.

మోడెం కాలంలో ఈ తరహా ప్రోగ్రాంలకు 115200 చాలా గొప్ప వేగం. ఇప్పుడు రాక్‌చిప్ చిప్పులున్న బోర్డుల కన్సోల్ మామూలుగా 15 లక్షల వేగంలో మాట్లాడుతుంది. అందుకే మినికామ్ వేగాల జాబితా లినక్స్‌లో 40 లక్షల దాకా పెరిగింది. పెరిగితే లాభమెంత? 16 మెగాబైట్ల ఫైలును సీరియల్ దారిలో బోర్డులోకి ఎక్కించాలనుకుందాం. 115200లో 1456 సెకన్లు, అంటే 24 నిమిషాలు పైనే. 15 లక్షల వేగంలో రెండు నిమిషాల లోపు. ఫైలు పంపే పద్ధతులు మాత్రం పాతవే. వార్డ్ క్రిస్టెన్సన్ 1977లో రాసిన ఎక్స్‌మోడెం ఫైలును 128 బైట్ల ముక్కలుగా పంపి, ప్రతి ముక్కకూ అందిందన్న జవాబు కోసం ఆగుతుంది. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో రాసిన జెడ్‌మోడెం అలా ప్రతిదానికీ ఆగదు. ఇద్దరూ ఫోను తీగల కోసం రాశారు. ఆ పద్ధతులు ఇప్పుడు ఫోను లేని బోర్డుల్లోకి ప్రాణం పోస్తున్నాయి.

వరస ముందు సమయం: పరికరానికి గడియారం లేనప్పుడు

కొత్త సదుపాయాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. కంట్రోల్-ఏ, ఎన్ నొక్కితే ప్రతి వరస ముందూ తేదీ, సమయం వస్తాయి. మిల్లీసెకన్లతో సహా చూపే రకం కూడా ఉంది. డయల్-అప్ రోజుల్లో దీని అవసరం లేదు. మనిషి టైపు చేస్తాడు, అవతలి కంప్యూటర్ జవాబిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాడికి ఎప్పుడేం జరిగిందో తెలుసు. ఇప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. రాత్రంతా పరికరం మాట్లాడుతుంది, పొద్దున్న మనం చదువుతాం.

రొయ్యలు నిలవ చేసే ఒక శీతల గిడ్డంగి అనుకోండి. అక్కడి ఉష్ణోగ్రత నియంత్రిక పది సెకన్లకోసారి ఒక అంకె పంపుతుంది, అంతే. దానికి గడియారం లేదు. ఫైలులో ఇలా ఉంటుంది: -18.2, -18.1, -18.2, -17.6. చివరి అంకె ఎందుకు పెరిగిందో చెప్పలేం. అవే వరసలు సమయంతో చూద్దాం:

02:10:05 -18.2
02:10:15 -18.1
02:10:25 -18.2
02:11:15 -17.6

మూడో వరసకూ నాలుగో వరసకూ మధ్య 50 సెకన్లు. నాలుగు రీడింగులు లేవు. ఉష్ణోగ్రత హఠాత్తుగా ఎగబాకలేదు, మధ్యలో మనకు కనబడని సమయం ఉంది. కరెంటు పోయి వచ్చిందా, కేబుల్ ఊగిందా అన్నది ఈ అంకెలు చెప్పవు. వెతకాల్సింది 2 గంటల 10 నిమిషాల 25 సెకన్ల తర్వాత అని మాత్రం చెబుతాయి.

ఒక జాగ్రత్త. ఇది కంప్యూటర్ అందుకున్న సమయం, పరికరం పంపిన సమయం కాదు. యూఎస్‌బీ కేబుళ్లలో ఎక్కువగా కనిపించే ఎఫ్‌టీడీఐ చిప్పు, వచ్చిన కొద్దిపాటి అక్షరాలను వెంటనే అప్పగించదు. అలవాటు అమరికలో 16 మిల్లీసెకన్ల దాకా పోగుచేసి ఇస్తుంది. తెర మీద మూడు దశాంశ స్థానాలు ఉన్నాయి కదా అని ఐదు మిల్లీసెకన్ల తేడా మీద తీర్పు చెప్పకూడదు.

ఊడిపోయే పోర్టులు, అసలే లేని పోర్టులు

పాత కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టు డబ్బాకు బిగించి ఉండేది. అది మాయమవుతుందని 1991లో ఎవరూ ఊహించనక్కర్లేదు. యూఎస్‌బీ వచ్చాక పోర్టు అన్నది జేబులో పెట్టుకునే వస్తువైంది. చాలా బోర్డులు రీసెట్ అయినప్పుడల్లా పోర్టు పోయి మళ్లీ పుడుతుంది. పాత లెక్కలో అయితే ప్రోగ్రాం పని అక్కడితో సరి. ఇప్పటి మినికామ్ పరికరం తెరవలేకపోయానని చెబుతూ, అది తిరిగి కనిపించేదాకా ప్రయత్నిస్తూ ఉంటుంది. పరికరం వచ్చేసరికి సంభాషణ అక్కడి నుంచే సాగుతుంది. మధ్యలో పోయిన అక్షరాలు మాత్రం పోయినట్టే. బోర్డు లేస్తూ చెప్పే మొదటి రెండు మాటలు అందుకే చాలాసార్లు కనబడవు.

దీనికి ఒక అడుగు ముందుకు వేస్తే అసలు తీగే లేని పోర్టు. ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్‌ను నడిపినప్పుడు, ఆ లోపలి కంప్యూటర్ సీరియల్ పోర్టు బయట ఒక యూనిక్స్ సాకెట్‌గా, అంటే ఒకే కంప్యూటర్‌లోని ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారిగా, కనబడుతుంది. పరికరం పేరు రాసే చోట యూనిక్స్# అని ముందు చేర్చి సాకెట్ దారి రాస్తే మినికామ్ దానికే కలుస్తుంది. ఋషికొండ కొండల మీద ఆఫీసులో కూర్చుని ఏ బోర్డూ ముట్టుకోకుండా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) బూట్ సందేశాలు చదవడం ఇలాగే.

లారీ కాటా చెప్పిన అంకె ఎందుకు చెడింది: హెక్స్ చూపు

కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీలు తూగే కాటాలు చాలామందికి తెలిసినవే. కాటా మీద ఉండే డిస్‌ప్లే పెట్టె, బరువును సీరియల్ తీగ మీద బిల్లింగ్ కంప్యూటర్‌కు పంపుతుంది. లారీ 24560 కిలోలు తూగింది అనుకుందాం. పెట్టె ఒక ప్రారంభ గుర్తు, ఆరు అంకెలు, ఒక ముగింపు గుర్తు పంపుతుంది. మామూలు తెర మీద ఆ గుర్తులు కనబడవు, అవి అక్షరాలు కావు గనక. హైఫన్ హెచ్ ఎంపికతో మినికామ్ ప్రతి బైటునూ పదహారు ఆధారం గల అంకెల్లో చూపుతుంది:

02 30 32 34 35 36 30 03

30 అంటే సున్నా, 32 అంటే 2, 34 అంటే 4. మొదటి 02, చివరి 03 గుర్తులు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంకో కాటా దగ్గర అదే బరువుకు 2, 4 ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు, మిగతా అంకెలు సరిగ్గా వస్తున్నాయి. హెక్స్‌లో చూస్తే:

82 30 బీ2 బీ4 35 36 30 03

జవాబు ఈ వరసలోనే ఉంది. 02 స్థానంలో 82, 32 స్థానంలో బీ2, 34 స్థానంలో బీ4. మూడింటిలోనూ తేడా ఒక్కటే, అన్నిటికంటే పైనున్న ఎనిమిదో బిట్ అదనంగా వెలిగింది. 2కు గుర్తయిన 32ను బిట్లలో రాస్తే మూడు ఒకట్లు ఉంటాయి, 4లోనూ మూడే, ప్రారంభ గుర్తులో ఒకటి. అన్నీ బేసి సంఖ్యలు. 0లో రెండు, 5లో నాలుగు, 6లో నాలుగు. సరి సంఖ్యలు, వాటికి ఏమీ కాలేదు. అంటే ఆ పెట్టె ఏడు డేటా బిట్లు పంపి, ఒకట్ల మొత్తం సరి సంఖ్య కావడానికి ఎనిమిదోదాన్ని సరిచూపు బిట్‌గా చేరుస్తోంది. కంప్యూటర్ దాన్ని కూడా డేటా అనుకుంటోంది. కేబుల్ మార్చక్కర్లేదు, పెట్టె మార్చక్కర్లేదు, అమరిక 8ఎన్1 నుంచి 7ఈ1కి (ఏడు డేటా బిట్లు, సరి సంఖ్యకు సరిచూపు బిట్, ఒక ముగింపు బిట్) మారితే చాలు. అక్షరాల తెర మీద ఇది ఎన్నటికీ బయటపడదు.

ఆర్‌ఎస్-485: రెండు తీగల మీద చాలామంది

ఆర్‌ఎస్-232 ఇద్దరి మధ్య మాట. ఫ్యాక్టరీలో కరెంటు మీటర్లు, ఏసీ యంత్రాలు, పంపులు ఒకే తీగ జత మీద వరసగా ఉంటాయి. ఆర్‌ఎస్-485 పద్ధతిలో ఆ జత 1200 మీటర్ల దాకా వెళ్లగలదు, ప్రామాణిక లోడు పరికరాలు 32 దాకా కలపవచ్చు. షరతు ఒకటే. మామూలు రెండు తీగల ఏర్పాటులో ఒకసారి ఒకరే మాట్లాడాలి. మాట్లాడబోయేవాడు తన పంపే భాగాన్ని తెరిచి, మాట అయ్యాక మూసి, వినే స్థితికి రావాలి. మూయడం ఆలస్యమైతే జవాబు మొదటి అక్షరాలు నలిగిపోతాయి.

ఇటీవలి మినికామ్ అమరికల పట్టికలో ఈ మలుపు మీద ఏకంగా ఏడు వరసలు చేరాయి. ఆర్‌ఎస్-485 వాడాలా వద్దా, పంపే భాగాన్ని తెరిచి మూసే ఆర్‌టీఎస్ తీగ పంపేటప్పుడు ఏ స్థితిలో ఉండాలి, పంపాక ఏ స్థితికి రావాలి, ముందూ వెనకా ఎంత ఆగాలి వగైరా. ఇవి పనిచేయాలంటే కెర్నల్ డ్రైవరు ఒప్పుకోవాలి. దిశను తమంతట తామే మార్చుకునే యూఎస్‌బీ-485 కేబుళ్లు వాడేవారికి వీటి అవసరమే రాదు.

ఇక్కడ అతిగా ఆశపడకూడని చోటు కూడా ఉంది. ఆ తీగల మీద ఎక్కువగా నడిచే మోడ్‌బస్ ఆర్‌టీయూ భాషలో ఒక సందేశం ముగిసిందని తెలియడానికి మూడున్నర అక్షరాల సేపు నిశ్శబ్దం ఉండాలి. 9600 వేగంలో, అక్షరానికి 11 బిట్ల చొప్పున, అది దాదాపు 4 మిల్లీసెకన్లు. మనిషి వేళ్లు ఆ వేగంలో టైపు చేయలేవు. మినికామ్‌తో ఆ తీగ మీద ఏం నడుస్తోందో హెక్స్‌లో వినవచ్చు. మీటలు నొక్కి మీటరుతో మాట్లాడటం కుదరదు.

మనం మరీ వేగంగా పంపితే నష్టపోయే పరికరాలూ ఉన్నాయి. పాత నెట్‌వర్క్ స్విచ్‌లోకి రెండు వందల వరసలు ఒకేసారి అతికిస్తే మధ్యలో కొన్ని మింగేస్తుంది. వరసకూ వరసకూ, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగే మిల్లీసెకన్లు ఇచ్చే అమరిక వాటి కోసం.

కీబోర్డు పనిచేయడం లేదన్న ఫిర్యాదు

బోర్డు మాటలు కనిపిస్తాయి, మనం కొట్టింది వెళ్లదు. దీని వెనకా మోడెం కాలమే ఉంది. తొమ్మిది పిన్నుల పాత పోర్టులో "నేను సిద్ధం, పంపు" అని చెప్పడానికి ప్రత్యేకంగా తీగలు ఉండేవి. మోడెం ఆ తీగను లేపితేనే కంప్యూటర్ పంపేది. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అంటే అదే. మినికామ్‌లో అది చాలాకాలం అలవాటుగా "అవును" అనే ఉంది. ఇప్పటి బోర్డుల మీద ఉండేవి పంపే పిన్ను, అందుకునే పిన్ను, గ్రౌండ్, ఈ మూడే. లేని తీగ లేచేదాకా ప్రోగ్రాం ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఎదురుగా ఉన్నవాడికి కీబోర్డు చచ్చిపోయినట్టు ఉంటుంది.

మూడు తీగల దగ్గర ఇంకొక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేయలేను. రాస్ప్‌బెర్రీ పై 6, 8, 10 పిన్నుల మీద ఉన్నది 3.3 వోల్టుల సీరియల్. అసలైన ఆర్‌ఎస్-232లో సున్నాకు ధన వోల్టేజి, ఒకటికి రుణ వోల్టేజి, అందుకునే చోట 3 నుంచి 15 వోల్టుల దాకా. పాత కేబుల్ నేరుగా తగిలిస్తే బోర్డు పోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అమరికా దాన్ని కాపాడదు.

అవతలివాడు చెడ్డవాడైతే: 2017 నాటి లోపం

వీటీ100 తెర మీద అక్షరాలను కావలసిన చోట ఉంచడానికి సంకేత వరసలు ఉంటాయి. ఎస్కేప్ గుర్తు, చదరపు బ్రాకెట్, సెమికోలన్‌తో విడదీసిన అంకెలు, చివర ఒక అక్షరం. 12;40హెచ్ అని వస్తే కర్సరు పన్నెండో వరస నలభయ్యో గడికి వెళ్లాలి. మినికామ్ ఆ అంకెలను నిర్ణీత సంఖ్యలో గడులున్న ఒక పట్టికలో దాచుకునేది. అవతలివాడు గడుల సంఖ్యను మించి అంకెలు పంపితే ఏమవుతుందో చూసుకోలేదు. పట్టిక దాటి పక్క జ్ఞాపకంలో రాసేసేది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2017-7467 అని నమోదైన ఈ లోపాన్ని 2017 ఏప్రిల్‌లో వచ్చిన 2.7.1 వెర్షన్ సరిచేసింది.

టెర్మినల్ ప్రోగ్రాం కేవలం చూపించేదే కదా, దానికి ఏం ప్రమాదం అనిపిస్తుంది. అవతలి మాట ప్రతి బైటునూ అది అర్థం చేసుకోవాలని చూస్తుంది. ప్రమాదం అక్కడుంది. ఎవరి చేతుల్లో తిరిగి వచ్చిందో తెలియని పరికరాన్ని బాగుచేసే బల్ల మీద పాత వెర్షన్ ఉండటం నాకు ఆందోళన కలిగించే సంగతే.

అన్నీ ఒకే చోటా, చిన్నదే చాలా?

ఈ విషయంలో వాడేవారు రెండు మూడు రకాలుగా ఆలోచిస్తారు, ఎవరి వాదనా తీసిపారేసేది కాదు. చిన్న ప్రోగ్రాం కావాలనేవారు పికోకామ్ వైపు చూస్తారు. అందులో మెనూలు లేవు, అమరికల ఫైలు లేదు, డయలింగ్ డైరెక్టరీ లేదు. ఆజ్ఞ వరసలో ఏం రాస్తే అదే. తాను మోడెంతో మాట్లాడుతున్నానని అనుకోదు కాబట్టి బోర్డును కదిలించే పలకరింపూ ఉండదు. సర్వర్ల దగ్గర పనిచేసేవారికి స్క్రీన్ ప్రోగ్రాం ఎలాగూ చేతిలో ఉంటుంది, దానితోనే సరిపెట్టుకుంటారు. టియో అనేది వీటి తర్వాతి తరం. మళ్లీ కలవడం, వరసకు సమయం, లువా భాషలో స్క్రిప్టులు మోడెం జ్ఞాపకాలేమీ లేకుండా అందులో ఉన్నాయి.

మినికామ్ వైపు వాదన వేరు. వెనక్కి జరిపి పాత వరసలు చూడటం, వెతకడం, ఫైలు పంపడం, నమోదు, స్క్రిప్టులు, అమరికల మెనూ ఒకే చోట ఉన్నాయి. ఆజ్ఞలు గుర్తులేని సాంకేతికుడు కూడా కంట్రోల్-ఏ, జెడ్ నొక్కి పట్టిక చూసి పని చేసుకోగలడు. ఆటోనగర్ లాంటి చోట పదేళ్లుగా నడుస్తున్న యంత్రానికి పాత స్క్రిప్టు ఒకటి ఉంటుంది, అది ఇవాళ్టి వెర్షన్‌లోనూ నడవాలి. ఆడం లాకోర్జిన్‌స్కీ నిర్వహణలో ప్రాజెక్టు పాతవాటిని తీసేయకుండా కొత్తవి చేరుస్తూ వచ్చింది. దాని ఖరీదు కొత్తవారు కడుతున్నారు: తాము కొట్టని ఏటీ వరస, లేని తీగ కోసం నిరీక్షణ.

నా మటుకు, తెరవగానే ఏమీ పంపకపోవడమే అలవాటు కావాలి, మోడెం ఉన్నవారు కావాలంటే అడిగి తెచ్చుకోవాలి. అయితే ఈ తప్పు మినికామ్ ఒక్కదానిదే అనడం న్యాయం కాదు. ఉబుంటు లాంటి డెస్క్‌టాప్ పంపిణీల్లో మోడెం మేనేజర్ అనే సేవ ఉంటుంది. కొత్త సీరియల్ పరికరం తగిలించగానే అది 4జీ డాంగిల్ కావచ్చునని ఏటీ ఆజ్ఞలతో పలకరించిన సందర్భాలు బోలెడు. మినికామ్‌ను పక్కన పెట్టినా ఆ అక్షరాలు బోర్డుకు చేరాయంటే అనుమానించాల్సింది దాన్నే.

మోడెం ఇంకా ఎక్కడుంది?

మోడెం పోయిందని పైన నేనూ అన్నాను. ఇంటి ఫోను పక్క నుంచి పోయింది, అంతే. వాహనాల ట్రాకర్లలో, వాతావరణ కేంద్రాల్లో, నీటి పంపుల నియంత్రణ పెట్టెల్లో సిమ్ మాడ్యూళ్ల రూపంలో ఉంది. వాటి భాష ఇప్పటికీ ఏటీతోనే మొదలవుతుంది. ఏటీ+సీఎస్‌క్యూ అని అడిగితే సిగ్నల్ బలాన్ని 0 నుంచి 31 లోపు ఒక అంకెగా చెబుతుంది. 99 వస్తే తెలియదని. ఆ అంకెను రెండుతో గుణించి -113కు కలిపితే డీబీఎంలలో బలం. 18 వస్తే -113+36, అంటే -77, బాగుంది. కొండ చాటున పెట్టిన పెట్టె 7 అంటే -99, సందేశాలు ఆగి ఆగి వెళ్లే స్థితి.

ప్రాజెక్టు కుర్రాళ్లలో సగం మంది కొనేది ఇలాంటి మాడ్యూలే. వాళ్లు మినికామ్ తెరవగానే వచ్చే ఆ వింత వరస ఇక్కడ మాత్రం సరైన చెవిన పడుతుంది. మాడ్యూల్ దాన్ని విని, కింద "ఓకే" అని రాస్తుంది. జవాబు మాటలో చెప్పమని వీ1 అడిగింది కదా. వీ0 అని ఉంటే అక్కడ ఒక సున్నా వచ్చేది.